తకెతోమి దీవికి అతిథిగా వెళ్ళడం: సమగ్ర మార్గదర్శి

జపాన్ దక్షిణపు కొసన, తైవాన్‌కు దగ్గరగా, యాయెయామా అనే దీవుల సమూహం ఉంది. కర్కట రేఖకు కాస్త ఉత్తరంగా ఉండటం వల్ల అక్కడ మంచు పడదు, కొబ్బరి, అరటి, మందారం ఏడాది పొడవునా కనిపిస్తాయి. ఆ దీవుల్లో ఒకటైన తకెతోమి చుట్టుకొలత సుమారు 9 కిలోమీటర్లు, విస్తీర్ణం 5.4 చదరపు కిలోమీటర్లు, జనాభా 350కి అటూ ఇటూ. పగడపు సున్నపురాయి పైకి లేచి ఏర్పడిన నేల కాబట్టి కొండలు, నదులు లేవు. ఆ నేల మధ్యలో ఎర్ర పెంకుల ఇళ్ళు, రాతి ప్రహరీలు, తెల్లటి ఇసుక బాటలతో మూడు వాడలు పక్కపక్కనే ఉన్నాయి. 1987లో జపాన్ ప్రభుత్వం ఈ గ్రామాన్ని సంప్రదాయ కట్టడాల పరిరక్షణ ప్రాంతంగా గుర్తించింది.

ఈ దీవికి వచ్చేవారిలో చాలామంది ఉదయం పడవలో దిగి, ఎద్దుబండిలాంటి దున్నపోతు బండి ఎక్కి, సముద్రతీరంలో నాలుగు ఫొటోలు తీసుకుని, మధ్యాహ్నానికి తిరిగి వెళ్ళిపోతారు. అలా చూస్తే తకెతోమి అందమైన బొమ్మగానే మిగులుతుంది. ఇక్కడి సంప్రదాయాలు ప్రదర్శన కోసం పెట్టినవి కావు, వాటిని రోజూ పాటించే మనుషులు ఆ ఇళ్ళలోనే ఉంటున్నారు. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఉండేలా ప్రణాళిక వేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం, ఈ మార్గదర్శిని కూడా ఆ ఉద్దేశంతోనే రాస్తున్నాను.

మొదటి అడుగు: కాలాన్ని ఎంచుకోవడం

మార్చి, ఏప్రిల్ నెలలు, ఆ తర్వాత అక్టోబరు చివరి నుంచి నవంబరు వరకు ఉన్న కాలం అన్నిటికంటే అనుకూలమైనవి. మే మొదటి వారాల నుంచి జూన్ చివరి వరకు వర్షాకాలం. జూలై నుంచి సెప్టెంబరు దాకా సముద్రం నీలంగా మెరుస్తుంది కానీ ఎండ తీవ్రంగా ఉంటుంది, తుపానులు వచ్చేదీ అప్పుడే. తుపాను వస్తే విమానాలు, పడవలు రెండూ ఆగిపోతాయి కాబట్టి ఆ నెలల్లో వెళ్ళేవారు స్వదేశానికి తిరుగు విమానానికి ముందు ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చలి మన సంక్రాంతి నాటి చలికి మించదు కానీ ఆకాశం మబ్బుగా ఉండి ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది. ఈత కొట్టాలన్న కోరిక లేకుండా గ్రామాన్ని ప్రశాంతంగా చూడాలనుకునేవారికి ఆ నెలలు కూడా బాగానే ఉంటాయి, జనం తక్కువ.

రెండో అడుగు: దీవికి చేరడం

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు జపాన్ వీసాను బయలుదేరక ముందే తీసుకోవాలి. దరఖాస్తుతో పాటు రోజువారీ ప్రయాణ పట్టిక, బస వివరాలు, బ్యాంకు పత్రాలు అడుగుతారు కాబట్టి తకెతోమిలో బసను ముందుగా ఖాయం చేసుకుని, ఆ తర్వాత వీసా పని మొదలుపెట్టడం మంచిది. టోక్యోలోని హనెదా విమానాశ్రయం నుంచి ఇషిగాకి దీవికి నేరుగా విమానాలున్నాయి, ప్రయాణం మూడు గంటల పైచిలుకు. ఈ దీవులున్న ఒకినావా రాష్ట్రపు రాజధాని నాహా మీదుగా వెళ్తే అక్కడి నుంచి మరో గంట. ఇషిగాకిలో ఇప్పుడున్న విమానాశ్రయం 2013లో ప్రారంభమైంది, అది ఊరికి దూరంగా ఉంది. బయట నిలిచి ఉండే బస్సు ఎక్కితే అరగంట నుంచి ముప్పావు గంటలో పడవల రేవుకు చేరుస్తుంది.

రేవులో టికెట్టు కొని పడవ ఎక్కితే పది, పదిహేను నిమిషాల్లో తకెతోమిలో దిగుతారు. ఇవి మనుషులను మాత్రమే తీసుకెళ్ళే పడవలు కాబట్టి ఇషిగాకిలో కారు అద్దెకు తీసుకున్నా దాన్ని అక్కడే వదలాలి. పెద్ద సూట్‌కేసును కూడా ఇషిగాకిలోనే లాకరులో పెట్టి, రెండు రోజులకు సరిపడా బట్టలతో చిన్న సంచి తీసుకెళ్ళండి, ఎందుకంటే ఇసుక బాటల మీద చక్రాల పెట్టెను లాగడం చాలా కష్టం. నగదు కూడా రేవు ఊళ్ళోనే తీసుకోవాలి. చిన్న దుకాణాల్లో, కొన్ని బసల్లో కార్డులు చెల్లవు, దీవిలో బ్యాంకు లేదు. తకెతోమి పేరు మీదున్న పురపాలక కార్యాలయం కూడా చాలాకాలంగా ఇషిగాకి ఊళ్ళోనే ఉంది. ఆ పురపాలికలోని దీవులన్నిటికీ పడవలు ఇక్కడి నుంచే బయలుదేరతాయి కాబట్టి అదే అందరికీ అందుబాటు.

మూడో అడుగు: బస, భోజనం

బసకు నా మొదటి సలహా మిన్‌షుకు. ఒక కుటుంబం తాము ఉంటున్న ఇంట్లోనో, పక్కనే ఉన్న ఇంట్లోనో కొన్ని గదులను అతిథులకు ఇచ్చి, రాత్రి భోజనం, ఉదయపు ఫలహారం పెట్టే పద్ధతి ఇది. చాపలు పరిచిన గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకోవాలి. స్నానాల గది అందరికీ ఒకటే ఉండవచ్చు. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, చెప్పిన వేళకు భోజనానికి రావాలి. 2012లో తెరిచిన విలాసవంతమైన విడిది ఒకటి దీవి తూర్పు వైపున ఉంది. అది సౌకర్యంగానే ఉంటుంది కానీ గ్రామం లోపలి ఉదయాలు అక్కడ దొరకవు. మిన్‌షుకుల్లో చాలావాటికి గదులు తక్కువ, కొన్ని ఫోనులో జపనీస్ భాషలోనే బుకింగ్ తీసుకుంటాయి. భాష తెలియకపోతే మీరు నాహాలోనో ఇషిగాకిలోనో బస చేసే హోటలు వారిని మీ తరఫున మాట్లాడమని మర్యాదగా అడగవచ్చు.

భోజనం విషయం బుకింగ్ వేళ తేల్చుకోవాలి, దిగాక చెప్తే ఆ ఇంటివారికి ఇబ్బంది. జపాన్‌లో కూరగాయల వంటకంలో సైతం ఎండబెట్టిన చేప నుంచి తీసిన రసం కలుస్తుంది. యాయెయామా సోబా అనే నూడుల్స్ గిన్నెలో పంది ఎముకల రసం, చేప రసం ఉంటాయి. కాకరకాయ వేపుడు చూసి మనవాళ్ళు ఆనందపడతారు కానీ అందులో సాధారణంగా పంది మాంసం, గుడ్డు వేస్తారు. అందువల్ల "మాంసం, చేప తినను" అని చెప్పి ఊరుకోకుండా, చేప రసం కూడా వద్దన్న మాటను జపనీస్‌లో రాయించుకుని ముందే పంపండి. అంత కచ్చితంగా పాటించేవారు భోజనం లేని బస తీసుకుని, ఇషిగాకి సూపర్ మార్కెట్లో అన్నం పొట్లాలు, పండ్లు, టోఫు కొనుక్కుని వెళ్ళడం ఉత్తమం. ఇంటి నుంచి పొడులు తీసుకెళ్ళవచ్చు, అయితే పచ్చి కరివేపాకు, తాజా పండ్లు, మాంసపు పచ్చళ్ళు జపాన్‌లోకి తీసుకెళ్ళకూడదు.

వంటకాల మాట వచ్చింది కాబట్టి ఒక మొక్క గురించి చెప్పాలి. తకెతోమి రాతి ప్రహరీల మీద తమలపాకును పోలిన ఆకులతో ఒక తీగ పాకుతూ ఉంటుంది, దానికి చిటికెన వేలి కొసంత పొడవు ఎర్రటి కాయలు నిటారుగా నిలబడి కాస్తాయి. వాటిని ఎండబెట్టి, దంచి, పిపాచి అన్న పేరుతో సోబా మీద చల్లుకుంటారు. మన పిప్పళ్ళకు అది దగ్గరి చుట్టం. వాసన చూడగానే ఇంట్లో దగ్గుకు కాచిన కషాయం గుర్తుకు వస్తుంది. చిన్న సీసాల్లో అమ్ముతారు, ఇంటికి తెచ్చుకోదగిన వస్తువు.

నాలుగో అడుగు: దిగిన వెంటనే చేయవలసినవి

దీవిలో 2019 సెప్టెంబరు నుంచి 300 యెన్ల ప్రవేశ టికెట్టు అమలులో ఉంది. అది తప్పనిసరి పన్ను కాదు, ఇష్టపూర్వకంగా ఇచ్చేది. రేవులోని యంత్రంలో కొనుక్కోవచ్చు. ఆ సొమ్మును తీరాలను, పొదలను కాపాడటానికి, బయటివారి చేతుల్లోకి పోయిన భూమిని తిరిగి కొనడానికి వాడతారు. దయచేసి కొనండి. భూమి సంగతి ఈ దీవి చరిత్రలో కీలకమైనది. 1971లో దీర్ఘమైన కరవు, వెంటనే పెద్ద తుపాను వచ్చి పంటలు, పశువులు పోయినప్పుడు, ప్రధాన భూభాగం నుంచి వచ్చిన వ్యాపారులు తక్కువ ధరకు పొలాలు కొనడం మొదలుపెట్టారు. ఒకినావా అమెరికా పాలన నుంచి తిరిగి జపాన్‌లో కలిసిన 1972 నాటికే దీవి చేజారిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. ఊరివాళ్ళు కలిసి ఎదురు నిలిచారు, 1986లో తకెతోమి దీవి శాసనం అనే కట్టుబాటును రాసుకున్నారు. అమ్మకూడదు, మలినం చేయకూడదు, క్రమాన్ని చెడగొట్టకూడదు, కూల్చకూడదు, ఉన్నదాన్ని సార్థకంగా వాడుకోవాలి అన్నవి దాని ఐదు సూత్రాలు. ఈ రోజు మీకు కనిపించే గ్రామం ఆ నిర్ణయం ఫలితమే.

రేవు పక్కనే యుగాఫు-కన్ అనే సందర్శకుల కేంద్రం ఉంది. అందులో అరగంట గడిపి గ్రామంలోకి వెళ్తే కంటికి కనిపించే ప్రతి వస్తువుకూ అర్థం తెలుస్తుంది. సైకిళ్ళు అద్దెకిచ్చేవారు, మిన్‌షుకు యజమానులు వ్యానులతో రేవు దగ్గర నిలబడి ఉంటారు.

ఐదో అడుగు: గ్రామంలో నడవడం

సైకిలు తీరాలకు చేరడానికి పనికొస్తుంది. గ్రామం లోపల మాత్రం నడవండి. ముందుగా బాటను చూడండి. తెల్లటి పగడపు ఇసుక మీద చీపురు గీతలు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి, ఎందుకంటే ప్రతి ఇంటివారూ రోజూ పొద్దున్నే తమ ఇంటి ముందున్న భాగాన్ని ఊడుస్తారు. ఈ తెల్లటి ఇసుక అందానికే వేసింది కాదు. దీవిలో హాబు అనే విషసర్పం ఉంది, వెన్నెల రాత్రి తెల్లటి బాట మీద అది నల్లగా కనిపిస్తుందని పెద్దలు చెప్తారు.

బాటకు ఇరువైపులా ఉన్న ప్రహరీలు సున్నం, సిమెంటు లేకుండా పగడపు రాళ్ళను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి తుపానులో కూడా గోడ నిలుస్తుంది. వాటిని ఎక్కవద్దు, ఆనుకుని ఫొటో తీసుకోవద్దు, ఒక్క రాయి కదిలినా వరస మొత్తం జారుతుంది. వాకిట్లోకి చూస్తే గుమ్మానికి, ఇంటికి మధ్య అడ్డంగా మరో చిన్న గోడ కనిపిస్తుంది. దాని పేరు హింపున్. బాటసారి చూపును, కీడును అది ఆపుతుందని నమ్మకం. గేటు లేకపోయినా ఆ గోడ దాటితే అది ఒకరి సొంత ఇల్లు, పిలవకుండా అడుగు పెట్టకూడదు. పెంకులను తెల్లటి సున్నపు ముద్దతో అతికిన ఎర్ర కప్పుల మీద షీసా అనే సింహపు బొమ్మలు ఉంటాయి. కప్పు వేసిన మేస్త్రీ మిగిలిన పెంకులు, సున్నంతో తన చేత్తో చేసిన పాత బొమ్మల్లో ఏ రెండింటి ముఖమూ ఒకేలా ఉండదు. ఒకటి కోపంగా, ఒకటి దిగులుగా, ఒకటి పళ్ళికిలించి చూస్తుంది. తల ఎత్తుకుని నెమ్మదిగా నడిచేవారికే అవి దొరుకుతాయి.

దున్నపోతు బండి పర్యాటకుల కోసం నడిపేదే, అయినా ఎక్కండి. అరగంట ప్రయాణంలో బండి తోలే మనిషి ఇళ్ళ కథలు చెప్పి, పాము చర్మం బిగించిన సాన్‌షిన్ అనే మూడు తీగల వాద్యం మీటుతూ ఊరి పాత పాట పాడతాడు. ఇరుకు మలుపు దగ్గర దున్నపోతును గమనించండి. ఎవరూ పగ్గం లాగకుండానే అది ముందుకు రెండడుగులు ఎక్కువ వేసి, వెనక చక్రం రాతి గోడకు తగలకుండా చూసుకుని అప్పుడు తిరుగుతుంది.

నేతలో ఆసక్తి ఉన్నవారు మిన్సా బట్ట నేసే చోటు చూడాలి. నీలిమందు అద్దిన నూలు మీద ఐదు గళ్ళు, నాలుగు గళ్ళు ఒకదాని పక్కన ఒకటి వచ్చే నడికట్టు అది. స్త్రీలు తాము మనసిచ్చిన పురుషునికి నేసి ఇచ్చేవారట. నూలును ముందుగా ముడులు కట్టి రంగు వేసే పద్ధతి పోచంపల్లి ఇక్కత్‌కు సోదరి వంటిది, మన ప్రాంతపు నేతగాళ్ళకు దాన్ని చూస్తే ఎక్కువ అర్థమవుతుంది.

దుస్తుల విషయంలో ఒక నియమం ఉంది: ఈత దుస్తులతో, చొక్కా లేకుండా గ్రామంలో తిరగకూడదు. చెత్తబుట్టలు దొరకవు, మీ చెత్తను మీరే తిరిగి తీసుకెళ్ళాలి. మనుషుల ఫొటోలు అడిగి తీయండి, ముఖ్యంగా బడిపిల్లలవి. దీవిలో హైస్కూలు లేదు, పదిహేనేళ్ళు నిండగానే పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళాలి. ఉన్న కొద్దిమంది పిల్లలను ఊరంతా కంటికి రెప్పలా చూసుకుంటుంది.

ఆరో అడుగు: పవిత్ర స్థలాల దగ్గర

దీవిలో అనేక చోట్ల దట్టమైన చెట్ల మధ్య చిన్న రాతి ద్వారం, దాని వెనక ఖాళీ స్థలం కనిపిస్తాయి. వాటిని ఓన్ అంటారు. లోపల విగ్రహం ఉండదు, దేవత దిగివచ్చే చోటే పూజనీయం. పూజ నడిపేది స్త్రీలు. కొన్ని చోట్ల జపాన్ గుడులకు ఉండే తోరణం నిలబెట్టి ఉన్నా, అది సందర్శకులను లోపలికి రమ్మనే గుర్తు కాదు. బయటే ఆగి నమస్కరించి వెళ్ళిపోవాలి. అక్కడి కొమ్మ, రాయి, ఆకు ముట్టుకోకూడదు.

ఒక ఓన్ మాత్రం చరిత్రలో పేరున్న మనిషిది. ఈ దీవిలో పుట్టిన నిషితో అనే వ్యక్తి ఒకప్పుడు ఒకినావా దీవులను ఏలిన ర్యుక్యు రాజ్యపు రాజధాని షురికి వెళ్ళి, 1519లో అక్కడి సొనొహ్యాన్ అనే పవిత్ర స్థలానికి రాతి ద్వారాన్ని నిర్మించాడు. అది ఇప్పుడు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఒకటి. 1524లో యాయెయామా దీవుల పాలనాధికారిగా తిరిగి వచ్చి తకెతోమిలోనే కార్యాలయం పెట్టాడు. అందరూ ఒక్క మనసుతో పని చేయడమే గొప్పదన్న మాట ఆయనదేనని దీవివాసులు చెప్పుకుంటారు, ఆ భావాన్ని ఉత్సుగుమి అంటారు. కార్యాలయపు ఆనవాళ్ళు కైజి తీరం దగ్గర ఉన్నాయి.

ఏడో అడుగు: తీరాలు

ఈతకు కొందొయ్ తీరం ఒక్కటే తగినది. నీరు లోతు తక్కువ, ఆటు వేళ మోకాలి లోతులో చాలా దూరం నడవవచ్చు, తిరిగి కడుక్కోవడానికి ఏర్పాట్లున్నాయి. కైజి తీరంలో ప్రవాహం బలంగా ఉంటుంది, అక్కడ నీళ్ళలోకి దిగకూడదు. అయితే అక్కడి ఇసుకలో నక్షత్రపు ఆకారపు రేణువులు ఉంటాయి. అరచేతిని తడి ఇసుక మీద అద్ది ఎత్తి చూస్తే ఐదారు ముళ్ళతో ఆవగింజంత నక్షత్రాలు అంటుకుని కనిపిస్తాయి. అవి సముద్రపు గడ్డి మీద బతికే ఏకకణ జీవుల సున్నపు గుల్లలు. చూసి అక్కడే దులిపేయండి, తీరం నుంచి తీసుకెళ్ళకూడదు.

పడమటి తీరంలో నీరన్ అనే రాయి ఉంది. సముద్రం అవతలి దేవలోకం నుంచి విత్తనాలు మోసుకొచ్చిన పడవను కట్టిన రాయిగా దాన్ని కొలుస్తారు. చాంద్రమానం ఎనిమిదో నెల ఎనిమిదో రోజున పూజారిణులు, పెద్దలు అక్కడ కూర్చుని, సముద్రం వైపు తిరిగి చేతులతో పిలుస్తూ పాట పాడతారు. ఆ రోజు మీరు అక్కడుంటే దూరంగా నిలబడి నిశ్శబ్దంగా చూడండి.

ఎనిమిదో అడుగు: రాత్రి, పొద్దున్న

చివరి పడవ సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఊరు మళ్ళీ ఊరివాళ్ళదవుతుంది. పడమటి వంతెనరేవు మీద సూర్యాస్తమయం చూసి, భోజనం చేసి, చేతిదీపం తీసుకుని బయటికి రండి. దీపం పాము కోసం, దాన్ని నేల వైపే చూపండి. బాటలో గొంతు తగ్గించి మాట్లాడండి. పొద్దున ఆరున్నర, ఏడు గంటలకు లేచి నడిస్తే ఊడ్చేవాళ్ళు కనిపిస్తారు. తలవంచి పలకరించండి, అప్పుడే ఊడ్చిన భాగం మీద నడవకుండా అంచు నుంచి వెళ్ళండి. కొన్ని బసల్లో అతిథులు అడిగితే చీపురు చేతికిస్తారు. అడగండి.

పండుగ వేళ వెళ్ళాలనుకుంటే

తానాదుయి ఈ దీవిలో అన్నిటికంటే పెద్ద పండుగ. సుమారు ఆరు వందల ఏళ్ళుగా జరుగుతోందని చెప్తారు, 1977లో జపాన్ దాన్ని ముఖ్యమైన జానపద వారసత్వంగా గుర్తించింది. ఇది విత్తే పండుగ, ఆ విత్తనం కొర్ర. మన పంచాంగంలో అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్లు అక్కడి పంచాంగంలో అరవై రోజుల చక్రం కూడా ఉంది, శరదృతువులో ఆ చక్రం ప్రకారం పది రోజులు లెక్క కడతారు. అందువల్ల తేదీ ఏటా మారుతుంది, అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువగా పడుతుంది. ఐదో రోజు విత్తడం, ఆరో రోజు నియమంగా ఉండడం. ఏడు, ఎనిమిది రోజుల్లో యొమొచి ఓన్ ముందు వేదిక మీద సుమారు 80 నృత్యాలు, హాస్య నాటికలు దేవతకు సమర్పిస్తారు. ఏడో రోజు హజమా వాడవారిది, ఎనిమిదో రోజు నకసుజి వాడవారిది. ఇషిగాకి, నాహా, టోక్యోల్లో స్థిరపడినవారు కూడా ఆ వేషాల కోసమే వచ్చేస్తారు.

ఏడో రోజు రాత్రి యూకుయి జరుగుతుంది. గుంపులుగా పాడుతూ ఇంటింటికీ తిరిగి సమృద్ధిని కోరుకుంటారు. ప్రతి ఇంట్లోనూ వెల్లుల్లి, ఆక్టోపస్ ముక్కలు, సాకే అనే మద్యం ఇస్తారు. సందర్శకులు కూడా వెనక నడవవచ్చు, కానీ ఇంట్లోకి రమ్మన్నప్పుడే వెళ్ళాలి, తినని పదార్థాన్ని చేతులు జోడించి కాదనవచ్చు. వేదిక ముందు మొదటి వరుసలు ఊరి పెద్దలకు, పూజారిణులకు వదిలేయండి. కెమెరా వెలుగు వాడవద్దు, నాటిక మధ్యలో లేచి తిరగవద్దు.

ఈ రోజులకు మిన్‌షుకులు చాలా నెలల ముందే, తరచుగా దీవికి తిరిగొచ్చే బంధువులతోనే నిండిపోతాయి. కాబట్టి ఆ ఏటి తేదీలు ప్రకటించగానే ఇషిగాకిలో గది తీసుకుని పగటి పడవల్లో వచ్చి పోయేలా ఏర్పాటు చేసుకోండి, పండుగ రోజుల పడవ వేళలను రేవులో ముందురోజే అడిగి తెలుసుకోండి. తిరుగు ప్రయాణంలో ఒకినావా చిలగడదుంపను పచ్చిగా కొని తీసుకురావద్దు. దానిలో ఉండే పురుగు కారణంగా పచ్చి దుంపను ఒకినావా నుంచి ప్రధాన భూభాగానికి తీసుకెళ్ళడం నిషిద్ధం. దానితో చేసిన మిఠాయిలకు ఆ అడ్డంకి లేదు.